21 వేల కిలోమీటర్లే తిరిగిన పాత పోర్షే: తీసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. నువ్వుండేది చిత్తూరు. బెంగళూరులో 2008 పోర్షే బాక్స్‌స్టర్ ఒకటి అమ్మకానికి ఉంది. 2.7 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేరు, మూడో ఓనర్ చేతిలో ఉంది, మీటర్ మీద 21 వేల కిలోమీటర్లు. కొత్త ఇన్నోవా హైక్రాస్ ధరకే వస్తోంది. "కిలోమీటర్లు ఇంత తక్కువ కదన్నా, ఇంజిన్ కొత్తదే అనుకోవచ్చు కదా?" అన్నావు.

నేను ఇరవై రెండేళ్లు చెన్నైలో జర్మన్ కార్ల కింద పడుకుని పనిచేసినవాణ్ని. ఇప్పుడు తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో చిన్న షెడ్డు పెట్టుకున్నా. అసలు మాట ముందే చెప్పేస్తా. ఆ కారులో నాకు భయం దాని వయసు చూసి కాదు, పోర్షే అని కాదు. ఆ 21 వేలు చూసే.

లెక్క వేసుకో. పదిహేడేళ్ల పైబడిన కారు, 21 వేలు. అంటే నెలకు వంద కిలోమీటర్లు. ఆదివారం పొద్దున్నే బయటికి తీయడం, ఐదారు కిలోమీటర్లు పోయి కాఫీ తాగడం, ఫోటో దిగడం, మళ్లీ గుడ్డ కప్పేయడం. ఆ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ ఎనిమిది లీటర్ల దగ్గరదగ్గర. మన మారుతీకి మూడు, మూడున్నర పోస్తే చాలు. అంత ఆయిల్ బాగా వేడెక్కాలంటే ఇరవై నిమిషాలన్నా బండి పరుగెత్తాలి. ఐదు కిలోమీటర్లకే ఆపేస్తే లోపల పట్టిన చెమ్మ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరై పోవు, ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆ ఆయిల్ మెల్లగా పులుస్తుంది. పులిసిన ఆయిల్‌లో బేరింగులు నెలల తరబడి నానతా ఉంటాయి. పైగా రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. వాడని కారు దాచిపెట్టిన కారు అనుకుంటారు జనం. నా లెక్కలో అది మంచాన పడిన మనిషి.

ఇప్పుడు నువ్వు చూసే ఇంజిన్‌కు సంబంధించిన అసలు సంగతి. 1996లో తొలి బాక్స్‌స్టర్ వచ్చినప్పటి నుంచి 2008 దాకా ఈ కార్లలో, అదే కాలపు నీళ్ల కూలింగు పోర్షే 911 మామూలు మోడళ్లలో, ఇంజిన్ మధ్యన ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంటుంది. దాన్ని క్రాంక్ తిప్పుతుంది. అది గొలుసులతో, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులను తిప్పుతుంది. ఫ్లైవీల్ వైపు ఆ షాఫ్ట్ చివర ఒక బాల్ బేరింగ్. గ్రీజు పెట్టి సీల్ చేసిన బేరింగ్ అది, సైకిల్ చక్రంలో ఉన్నట్టు. ఏళ్లు గడిచేకొద్దీ సీల్ గట్టిపడి, సందుల్లోంచి ఇంజిన్ ఆయిల్ లోపలికి దూరి గ్రీజును కడిగేస్తుంది. లోపలికి పోయిన ఆయిల్ మళ్లీ బయటికి రాదు, అక్కడే పాతబడిపోతుంది. గ్రీజూ లేక, మంచి ఆయిలూ అందక బాల్స్ మీద గుంటలు పడతాయి. ఒకరోజు బేరింగ్ చెదిరితే షాఫ్ట్ ఊగుతుంది, గొలుసు పళ్లు తప్పుతుంది, వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ తర్వాత రిపేరు అనే మాట ఉండదు. ఇంజిన్ మార్చడమే.

దీని మీద అమెరికాలో 2001 నుంచి 2005 మోడళ్ల ఓనర్లు కోర్టుకు పోయి, 2013లో రాజీ కుదుర్చుకున్నారు. ఆ ఏళ్లలో వేసిన బేరింగ్ చిన్నది, బలహీనమైనది. నువ్వు చూసే 2008 కారులో ఉండేది పెద్ద బేరింగ్. ఇది పోవడం చాలా అరుదు. అది మంచి వార్త. చెడ్డ వార్త ఏమంటే, పాతవాటిలో గేర్‌బాక్స్ దించి బేరింగ్ బయటికి లాగి కొత్తది వేయొచ్చు. 2006 నుంచి 2008 దాకా వచ్చినవాటిలో బేరింగ్ సైజు కన్నా కేసు రంధ్రం చిన్నది. మార్చాలంటే ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పాల్సిందే. అందుకని తెలిసిన మెకానిక్కులు క్లచ్ ప్లేట్లు మార్చేటప్పుడు ఆ బేరింగ్ బయటి సీల్ పీకేస్తారు, ఇంజిన్ ఆయిల్ ధారాళంగా ఆడనీ అని. ఆ ఓనర్‌ను అడుగు: క్లచ్ ఎప్పుడు మార్చినారు, అప్పుడు సీల్ తీసినారా అని. ఆ ప్రశ్న అర్థమైతే కారు తెలిసినవాడి చేతిలో ఉన్నట్టే.

2009 నుంచి పోర్షే వేరే ఇంజిన్ పెట్టింది. అందులో ఈ షాఫ్టే లేదు, ఈ బేరింగూ లేదు. రూపం దాదాపు అదే, గుండె వేరు. నన్ను అడిగితే ఒక్క సంవత్సరం ముందుకు జరిగి 2009 తర్వాతి కారు వెతుకు, 60 వేలు తిరిగినదైనా ఫర్వాలేదు. ఏటా ఆయిల్ మార్చిన బిల్లులుంటే 60 వేలు తిరిగిన కారు కిందే నేను నిమ్మళంగా పడుకుంటాను.

సరే, మనసు దీని మీదే పడింది అనుకుందాం. అప్పుడు చేయాల్సింది ఇదీ.

ఆయిల్ ఫిల్టర్ విప్పించు. ఈ కారులో ఫిల్టర్ డబ్బాలాగా ఉండదు, ప్లాస్టిక్ గిన్నెలో కాగితపు మడతల ఫిల్టర్ ఉంటుంది. దాన్ని ఒక తెల్ల గుడ్డ మీద పెట్టి మడతలు ఒక్కొక్కటే విప్పి, ఎండలో పట్టుకుని చూడు. నల్లటి ప్లాస్టిక్ తునకలు కనిపిస్తే గొలుసు నడిచే పట్టాలు అరుగుతున్నాయని అర్థం. సన్నటి మెరుపు కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి తీసుకుపో. అతుక్కుంటే ఇనుము, అంటే బేరింగ్ వైపు నుంచి రావచ్చు. అతుక్కోకపోతే అల్యూమినియం, అదీ మంచిది కాదు. "నిన్ననే ఆయిల్ మార్చి రెడీగా పెట్టినాం సార్" అని అమ్మేవాడు సంబరంగా చెబితే సంబరపడిపోవద్దు. సాక్ష్యం కాలవలో పోసేసినాడు. పాత ఫిల్టర్ ఏదని అడుగు.

తర్వాత స్కానర్. ఫోన్‌కు తగిలించే చిన్న బ్లూటూత్ ముక్క కాదు, పోర్షే కంప్యూటర్ లోపలికి పోయి చదివేది కావాలి. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంటుంది. కిలోమీటర్లను ఆ గంటలతో భాగించు. మన ఊర్లలో తిరిగే కారుకు సగటున గంటకు 25 నుంచి 35 వస్తుంది. ఇందులో గంటలు 1,900 అని చూపిస్తే సగటు 11. బెంగళూరు ట్రాఫిక్ ఎంత పాపిష్టిదైనా పదిహేడేళ్ల సగటు 11కు దిగదు. అంటే మీటర్ వెనక్కి తిప్పినారేమోనని అనుమానించాలి. మీటర్ తిప్పేవాళ్లకు గంటల సంగతి చాలాసార్లు గుర్తుండదు.

అదే స్కానర్‌లో ఓవర్‌రెవ్ పట్టిక ఒకటుంటుంది, ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేది, ఒకటి నుంచి ఆరు దాకా రేంజులు, అంకె పెరిగేకొద్దీ వేగం ఎక్కువ. మాన్యువల్ కారు కాబట్టి ఇది ముఖ్యం. ఐదో గేరులో పోతా నాలుగు వేయబోయి రెండు వేసినాడనుకో, చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి, ఏ లిమిటరూ దాన్ని ఆపలేదు. ఒకటి రెండు రేంజుల్లో అంకెలు ఉంటే ఫర్వాలేదు, కుర్రతనం. నాలుగు దాటి ఉంటే, అదీ ఈమధ్య గంటల్లోనే జరిగుంటే, టీ తాగి వెనక్కి వచ్చెయ్.

స్పార్క్ ప్లగ్గులు తీయించి కెమెరా తీగ దించి సిలిండర్ గోడలు కూడా చూపించుకో. నిలువు గీతలు ఉండకూడదు. ఈ తరం ఇంజిన్లలో గోడలు గీతలు పడే జబ్బు ఉంది, పెద్ద ఇంజిన్లలో, చలిదేశాల్లో ఎక్కువ. 2.7కు తక్కువ. అయినా చూడ్డానికి పోయేదేముంది, అరపూట.

కారు వెనక వంగి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట కింద చెయ్యి పెట్టు. కొద్దిగా తడి ఉంటే క్రాంక్ వెనక సీల్. అది చిన్న విషయమే, క్లచ్‌తో పాటు చేయించుకోవచ్చు, ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. స్టార్ట్ చేయగానే వెనక నుంచి తెల్లటి పొగ దట్టంగా వచ్చి ఎంతకీ ఆగకపోతే, ఇంజిన్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్ పోయి ఉండొచ్చు.

ఇంకొకటి, ఎవరూ చూడనిది. ఈ కారుకు రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి, గాలి పోయే నోళ్లలో వేళ్లు పెట్టి లోపలికి చూడు. నా దగ్గరికి వచ్చిన ఒక కారులో చెయ్యి పెడితే పిడికెడు కాదు, చేటెడు వచ్చింది. చింతాకు, వేపాకు, ఒక పాలిథీన్ కవరు, అడుగున తడి మన్ను. ఆ తడికి ఏసీ కండెన్సర్ రేకులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఆ పెద్దమనిషి కారును పదేళ్లు చింతచెట్టు నీడలోనే పెట్టినాడు, ఎండ తగలకూడదని ప్రేమతో. కారు బయటంతా అద్దంలాగా ఉంది.

వరద గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన చుట్టూ ఇదే పెద్ద మోసం. చెన్నైలో 2015 డిసెంబర్, బెంగళూరులో 2022 సెప్టెంబర్, మళ్లీ చెన్నైలో 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపాను. మన తిరుపతే 2021 నవంబర్‌లో మునిగింది కదా. ఈ నీళ్లలో పెద్ద పెద్ద కార్లు ఎన్ని మునిగినాయో నువ్వూ టీవీలో చూసుంటావు. ఆ కార్లు గాలిలో కలిసిపోలేదు. శుభ్రంగా కడిగి, సీట్లకు షాంపూ పట్టించి, సెంటు కొట్టి రోడ్ల మీదికి వచ్చినాయి. చిత్తూరులోనే మామిడి గుజ్జు వ్యాపారం చేసే ఒకాయన చెన్నైలో ఒక జర్మన్ టూ సీటర్ కొనుక్కొచ్చినాడు, బ్రాండు ఏదైతే ఏమిలే. వచ్చిన మూడో నెలలో ఎడమ కిటికీ దానంతటదే దిగడం మొదలైంది. తర్వాత హారన్. తర్వాత ఒకరోజు రాత్రి రెండింటికి ఇండికేటర్లు వాటంతటవే వెలగడం. నా షెడ్డుకు తెచ్చినాడు. నేను ఏ స్కానరూ పెట్టలేదు. డ్రైవర్ సీట్ బెల్టు పట్టుకుని చివరికంటా లాగినాను. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు బెల్టు మీద గోధుమరంగు గీత, ఏటిగట్టు మీద నీటి మట్టం గీసినట్టు. ఆయన ఆ గీతను చూసి ఏమీ మాట్లాడలేదు. ఒక కుర్చీ అడిగి కూర్చున్నాడు.

అందుకని బెల్టులు రెండూ చివరికంటా లాగు. సీటు పట్టాల కింద మరలకు తుప్పు ఉందేమో చూడు. కార్పెట్ మూల పైకెత్తి కింద స్పాంజిని వేలితో నొక్కు. బాక్స్‌స్టర్‌కు గుడ్డ పైకప్పు కదా, అది మడిచే చోట రెండు పక్కలా నీళ్లు పోయే గొట్టాలుంటాయి. ఆకులు అడ్డం పడితే వాననీళ్లు సీటు కిందికి దిగుతాయి. దీని ముందు తరం బాక్స్‌స్టర్‌లో అలారం కంట్రోల్ డబ్బా సరిగ్గా సీటు కిందే పెట్టినారు, జర్మన్ల తెలివికి దండం పెట్టాలి. అది తడిస్తే తాళంచెవి ఉన్నా కారు నిన్ను గుర్తుపట్టదు.

ఇంకా ఏవైనా చూడొచ్చా అని అడిగినావు, కాబట్టి క్లుప్తంగా. ఆడి టీటీ, 2006 నుంచి 2014 దాకా వచ్చిన రెండో తరం: రోజూ వాడుకోవచ్చు, వెనక చిన్న సీట్లున్నాయి. తొలి ఏళ్ల రెండు లీటర్ల టర్బోలో ఫ్యూయల్ పంపును నొక్కే చిన్న లోహపు గిన్నె అరిగిపోతుంది, విప్పి చూడ్డం తేలిక. తర్వాతి ఇంజిన్‌లో గొలుసు టెన్షనర్ కొత్తరకం వేసినారా అని అడుగు, ఆయిల్ ఎంత తాగుతోందో అడుగు. ఆరు గేర్ల ఆటోమేటిక్ అయితే 60 వేలకొకసారి గేర్ ఆయిల్ మార్చిన బిల్లు కావాలి. బీఎండబ్ల్యూ జడ్4, 2009 తర్వాతిది: ఇంజిన్లు గట్టివి, ముఖ్యంగా టర్బో లేని ఆరు సిలిండర్లది దొరికితే వదలొద్దు. కానీ వాటర్ పంపు కరెంటుతో నడిచేది, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. లక్ష కిలోమీటర్లు దగ్గరపడితే ముందే మార్చెయ్. ఇందులోనే ట్విన్ టర్బో 35ఐ మోడల్‌కు హై ప్రెజర్ పంపు, ఇంజెక్టర్లు ఖర్చు పెట్టిస్తాయి. మెర్సిడెస్ ఎస్ఎల్‌కే 2004 తరం ఆరు సిలిండర్లలో తొలినాటి ఇంజిన్లకు బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లు అరిగే జబ్బుంది, ఇంజిన్ నంబర్ రాసుకుని విచారించాలి. పైకప్పు తెరుచుకునే కారు ఏదైనా సరే, పదిసార్లు తెరిచి మూసి చూడు. మొహమాటపడొద్దు.

మన ఎండ సంగతి. మన దగ్గర మే నెలలో నలభై దాటుతుంది. కారును చల్లటి పొద్దున బెంగళూరులో నడిపి చూస్తే ఏమీ తెలియదు. అరగంట నడిపి, ఏసీ ఫుల్ పెట్టి, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నిలబెట్టు. ఇంజిన్ వేడి చూపే ముల్లు కదలకూడదు. తర్వాత ఆపి పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చెయ్. వేడి మీద మొండికేస్తే కారణం తేలేదాకా డబ్బు తీయొద్దు. తిరుమల కొండకు తీసుకుపోవాలని ఆశ ఉంటే ఒక మాట: ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గితే జరిమానా. స్పోర్ట్స్ కారు అక్కడ మిగతా టవేరాలతో పాటు మెల్లగా పాకాల్సిందే. అట్లా పాకేటప్పుడు డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లు సగం పట్టు మీదే నడిచి క్లచ్ కాల్చుకుంటాయి. మాన్యువల్ తీసుకోవడం ఆ విధంగా నీకు మంచిదే. దిగేటప్పుడు రెండో గేరులో దిగు.

పెట్రోలు గురించి భయపెట్టను. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది, ఈ కారు దానికోసం తయారైంది కాదు. ఫ్యూయల్ పైపులు ఎండిపోయి పగుళ్లు పట్టినాయేమో చూసి మార్చెయ్, ట్యాంకులో అదే పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచొద్దు.

ఇక కాగితాలు. 2008 కారంటే పదిహేనేళ్ల ఆర్సీ గడువు 2023లోనే అయిపోయుంటుంది. ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకు పొడిగించినారా? లేకపోతే అడుగు ముందుకు వేయొద్దు. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ రుసుము 5,000 అయింది, దిగుమతి కారుకు అంతకు ఎన్నో రెట్లు. కర్ణాటక ఎన్ఓసీ తెచ్చుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చాలి, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే చట్టప్రకారం తప్పదు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. వయసును బట్టి తగ్గుతుంది గానీ, తీసుకునేది నువ్వు కొన్న ధర మీద కాదు, కారు కొత్తలో అమ్మిన ధర మీద. ఆ పాత ఇన్వాయిస్ అంకె చూసి కళ్లు తిరుగుతాయి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్సీ జిరాక్స్ పట్టుకుని చిత్తూరు ఆర్టీవో ఆఫీసులో లెక్క కట్టించుకో. కర్ణాటకలో మిగిలిన ట్యాక్స్ వాపసు ఓనర్ సంతకంతోనే వస్తుంది, కాబట్టి ఆ కాగితం కూడా అప్పుడే రాయించుకో. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, ఎన్‌సీబీ, ఆయనది, నీకు రాదు.

డబ్బు విషయంలో నా లెక్క మొరటుగా ఉంటుంది. కారు ధరలో నాలుగో వంతు పక్కన పెట్టుకోకుండా ఇట్లాంటిది కొనొద్దు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం ఆడితే ఎట్లా? టైర్లు చూడు, పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2316 అంటే 2016లో 23వ వారం తయారైంది. 21 వేలే తిరిగింది కాబట్టి టైరు మీద గాట్లు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయి అయ్యుంటుంది. ఈ సైజు మంచి టైర్లు నాలుగు వేస్తే లక్ష దాటుతుంది. ఇంకా చిత్తూరు నుంచి బెంగళూరు 180 కిలోమీటర్లు. మొగిలి ఘాట్‌లో ఆగిపోతే గొలుసు కట్టి లాగే మామూలు రికవరీ బండి పనికిరాదు, ముందు బంపర్ ఊడి చేతికొస్తుంది. ఫ్లాట్‌బెడ్ కావాలి. దాని నంబరు, దీన్ని విప్పగలిగే ఒక మెకానిక్ నంబరు నీ ఫోన్‌లో ఉన్న తర్వాతే కారు కొను.

శనివారం పోతానన్నావు కదా. శుక్రవారం రాత్రే ఓనర్‌కు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పు. పోగానే పలకరింపులకు ముందు సీట్ల వెనక, ఇంజిన్ మూత ఉండే చోట చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, ఎందుకు వేడెక్కించినారో ఆయన్నే అడుగు. చల్లగా ఉంటే తాళం తిప్పి, మొదటి మూడు సెకన్లు ఫోన్‌లో ఆడియో రికార్డు చేసి నాకు పంపు. గొలుసు గలగల ఉందో లేదో నేను విని చెబుతాను.